పదహారేళ్ల మనవడు, డెబ్బై రెండేళ్ల తాత: ఒకే ఇంట్లో అన్ని వయసుల ఎదుగుదల

హనుమకొండ నుంచి ఒక ఇల్లాలు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్న పదహారేళ్ల కొడుకు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు, రాత్రి ఒంటిగంట దాకా మేలుకొనే ఉంటున్నాడు. ఇరవై మూడేళ్ల కూతురు గ్రూప్స్ పరీక్షలకు చదువుతూ పెళ్లి మాట ఎత్తనివ్వడం లేదు. దుబాయిలో పదకొండేళ్లు పనిచేసి నిరుడు తిరిగొచ్చిన భర్తకు నలభై ఎనిమిదేళ్లు. ప్రతి చిన్నదానికీ కొడుకు మీద కోపపడుతున్నారు. గోదావరిఖని బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మామగారికి డెబ్బై రెండేళ్లు. రెండేళ్ల కిందట అత్తగారు పోయినప్పటి నుంచి వీళ్ల దగ్గరే ఉంటూ, చెప్పిన ముచ్చటే మళ్లీ మళ్లీ చెబుతున్నారు. "ఎదిగే వయసు పిల్లవానిది. వాని చదువు చెడకుండా మామయ్యను కొన్నాళ్లు ఊరికి పంపిస్తే తప్పా?" అని ఆమె అడిగారు.

అమ్మా, ఎదిగే వయసు పిల్లవానిది అన్న మీ మాట దగ్గరే నేను జవాబు మొదలుపెడతాను. మనసు ఇరవై ఏళ్ల దాకా పెరిగి, ఆ తరువాత ఉన్నచోటే ఉండిపోయి, అరవై దాటాక తరిగిపోతుందని మనలో చాలామంది నమ్ముతారు; మనస్తత్వ శాస్త్రంలో కూడా చాలాకాలం పరిశోధన ఎక్కువగా బాల్యం చుట్టూనే జరిగింది. జర్మనీకి చెందిన పాల్ బాల్టెస్ (1939–2006) ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో ఒకరు. ఏ వయసులోనైనా ఎదుగుదలలో రాబడి, పోబడి రెండూ కలిసే ఉంటాయని ఆయన వాదం. పసిబిడ్డ తన తల్లి భాషలోని ధ్వనులలో ఆరితేరుతున్నకొద్దీ పరాయి భాషల ధ్వనులను వేరుచేసి వినే శక్తిని పోగొట్టుకుంటుంది. వృద్ధుడు చురుకుదనాన్ని పోగొట్టుకుంటూనే దేనిని పట్టించుకోవాలో, దేనిని వదిలేయాలో తేల్చుకుంటాడు. ఈ లెక్కన మీ ఇంట్లో పిల్లవాడితో పాటు అందరూ ఎదుగుతూనే ఉన్నారు, ఒక్కొక్కరికి ఆ వయసు అప్పగించిన పని ఒకటి ఉన్నది, ఒకరి పని ఇంకొకరి పనికి తగులుతున్నది. మామగారిని పంపాలా వద్దా అన్నది ఆ పనులేమిటో చూసిన తరువాతే తేలుతుంది.

ముందు మీ అబ్బాయి. 1904లో అమెరికా మనస్తత్వవేత్త జి. స్టాన్లీ హాల్ కౌమారాన్ని తుపానులాంటి దశగా వర్ణించినప్పటి నుంచి, ఈ వయసు అంటేనే తిరుగుబాటు అన్న పేరు స్థిరపడిపోయింది. తరువాతి పరిశోధకులు దీనిని చాలావరకు సవరించారు. ఎక్కువమంది పిల్లలు తల్లిదండ్రులతో ప్రేమను తెంచుకోకుండానే ఈ దశను దాటుతారు, పెరిగేది రోజువారీ విషయాల మీద వాదులాట మాత్రమే. ఆ వాదులాటకు ఒక మంచి కారణం కూడా ఉన్నది. పదకొండు, పన్నెండేళ్ల నుంచి పిల్లలకు కళ్లముందు ఉన్నదాని గురించే కాక, ఉండగలిగినదాని గురించి కూడా తర్కించే శక్తి వస్తుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే చెప్పారు. తన ఇల్లు ఇంకోలా ఉండవచ్చునని, నాన్న ఇంకోలా మాట్లాడవచ్చునని ఊహించగలిగినప్పుడే పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తాడు. దానిని పొగరు అనుకోవద్దని నేను తల్లిదండ్రులను ఎప్పుడూ బతిమాలుతుంటాను.

రాత్రి మేలుకోవడానికి ఫోన్ ఒక కారణమే గాని అదొక్కటే కాదు. యవ్వనారంభంతో శరీరంలోని నిద్ర గడియారం ఆలస్యంగా నడవడం మొదలవుతుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను చిన్నపిల్లల్లో కంటే రాత్రి పొద్దుపోయాక విడుదలవుతుంది. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. తెల్లవారుజామునే లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టే మన ఇంటర్ కాలేజీల పద్ధతి ఈ వయసు శరీరానికి సరిగ్గా ఎదురు నడుస్తున్నది. సరిపడా నిద్ర లేని పిల్లవాడు ముభావంగా, చిరాకుగా ఉంటే ముందు అనుమానించవలసింది నిద్రనే, స్వభావాన్ని కాదు. రాత్రి పదిన్నర తరువాత ఇంట్లో అందరి ఫోన్లూ, మీవి కూడా, ముందరి గదిలోనే ఛార్జింగుకు పెట్టండి. పిల్లవాని ఒక్కని ఫోనే తీసుకుంటే అది శిక్ష అవుతుంది, అందరివీ పెడితే ఇంటి పద్ధతి అవుతుంది.

ఈ వయసు గురించి ఇంకొకటి చెప్పాలి. ముందుచూపుకు, తనను తాను ఆపుకోవడానికి అవసరమైన మెదడు ముందు భాగం ఇరవై అయిదేళ్ల దాకా పరిపక్వం అవుతూనే ఉంటుంది. కొత్తదనానికి, మెప్పుకు స్పందించే భాగాలు మాత్రం అంతకంటే ముందే చురుకెక్కుతాయి. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూసినప్పుడు, కౌమారంలోని పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. పెద్దవాళ్లలో ఆ తేడా దాదాపు కనిపించలేదు. అంటే పిల్లవానికి ప్రమాదం తెలియక కాదు, తెలిసి కూడా నలుగురిలో ఆగలేకపోవడం ఈ వయసు లక్షణం. కాబట్టి ముగ్గురు ఎక్కిన బండి మీద కాజీపేట రోడ్డున పోవద్దని గంటసేపు చెప్పడం కంటే, బండి తాళం ఎప్పుడు ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకోవడం ఎక్కువ పనిచేస్తుంది.

ఇక అసలు పని, తాను ఎవరన్నది తేల్చుకోవడం. దీనిని కౌమారానికి కేంద్రంగా నిలిపిన మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ (1902–1994). ఆయనకు తన కన్నతండ్రి ఎవరో చివరిదాకా తెలియలేదు. ఎరిక్సన్ అన్న ఇంటిపేరు కూడా 1939లో తానే పెట్టుకున్నది. 1950లో ఆయన మనిషి జీవితాన్ని పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎనిమిది దశలుగా చూపించారు. 1966లో జేమ్స్ మార్సియా కౌమారదశకు సంబంధించిన భాగాన్ని ఇంకా వివరంగా పరిశీలించి, యువకులు నాలుగు స్థితుల్లో కనిపిస్తారన్నారు. కొందరు ఇంకా ఏమీ వెతకరు, ఏమీ తేల్చుకోరు. కొందరు వెతుకులాటలో ఉంటారు. కొందరు వెతికి తేల్చుకుంటారు. ఇంకా కొందరు తామేమీ వెతకకుండానే పెద్దలు ఖాయం చేసినదాన్ని తమదిగా తీసుకుంటారు.

ఈ నాలుగో రకం మన ప్రాంతంలో ఎంత విస్తారంగా ఉన్నదో మీకు నేను చెప్పనవసరం లేదు. సింగరేణి బస్తీల్లో తండ్రి వైద్య కారణాలతో పనికి అనర్హుడైతే కొడుక్కు ఉద్యోగం వచ్చే పద్ధతి ఉన్నది. ఆ ఆశ మీదనే చదువును సగంలో ఆపి ఏళ్లు గడిపిన యువకులతో నేను మాట్లాడాను. ఆ ఉద్యోగం కుటుంబాన్ని నిలబెడుతుంది, దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వచ్చిన పనిని తరువాత మనసారా తనదిగా చేసుకొని గౌరవంగా బతికినవారు ఎందరో ఉన్నారు. అయితే ఎన్నడూ వెతుక్కోని ప్రశ్న కొందరిలో ముప్పై అయిదేళ్లకో, నలభై ఏళ్లకో, బాధ్యతలన్నీ మీద ఉన్న కాలంలో లేస్తుంది, అప్పుడు దాని బరువు ఎక్కువ. ఎంపీసీ మీ అబ్బాయి అడిగి తీసుకున్నాడా, పదో తరగతి మార్కులు చూసి మీరు చేర్పించారా అన్నది మీరు రాయలేదు. రెండోదే అయితే కాలేజీ మాన్పించవలసిన పని లేదు, కాని "ఇంటర్ అయ్యాక నీకు ఏది చదవాలని ఉన్నది?" అని అడిగి, వచ్చిన జవాబును ఆ పూటకు ఖండించకుండా వినవలసిన పని మాత్రం ఉన్నది.

మీ అమ్మాయి విషయం పెద్దగా బెంగపడవలసింది కాదు. పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు దాకా ఉన్న కాలాన్ని 2000లో జెఫ్రీ ఆర్నెట్ ఒక వేరే దశగా గుర్తించారు. చదువు, కొలువు, పెళ్లి మూడూ తేలకుండా ఉండే ఈ కాలం చదువుకునే అవకాశం ఉన్న కుటుంబాల్లోనే కనిపిస్తుంది. జగిత్యాల, కామారెడ్డి దిక్కు పదిహేనేళ్లకే చేటలో బీడీల ఆకు పట్టుకున్న ఆడపిల్లకు ఈ దశ దొరకలేదు. మీ అమ్మాయికి దొరికింది. పరీక్షకు ఒక గడువు పెట్టుకోమని అడగండి, ఆ గడువు దాకా పెళ్లి మాట ఎత్తకండి.

మీ వారి కోపం నాకు ఇంతకంటే ముఖ్యంగా అనిపిస్తున్నది. నడివయసు సంక్షోభం అన్న మాటను 1965లో ఎలియట్ జాక్స్ వాడుకలోకి తెచ్చారు, తరువాత అది ప్రతి నలభై ఏళ్ల మనిషికీ తప్పనిదిగా ప్రచారమైంది. అమెరికాలో జరిగిన పెద్ద సర్వేల్లో మాత్రం అలాంటి సంక్షోభం తమకు వచ్చిందన్నవారు సుమారు నాలుగో వంతు మందే, వారిలో కూడా చాలామంది దానికి వయసును కాక ఉద్యోగం పోవడం, సన్నిహితుల మరణం వంటి సంఘటనలనే కారణంగా చెప్పారు. కె. వార్నర్ షై 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు అవే మనుషులను మళ్లీ మళ్లీ పరీక్షించిన అధ్యయనం ప్రకారం, వేగంగా గుర్తుపట్టే శక్తి యవ్వనం నుంచే తగ్గుతూ వచ్చినా, మాటల మీద పట్టు, తర్కించి నిర్ణయానికి వచ్చే శక్తి నడివయసులోనే ఉచ్చస్థితికి చేరుతాయి. మీ వారు తెలివి తరిగిపోయే వయసులో లేరన్నమాట.

మరి ఆ కోపం ఎందుకు? ఎరిక్సన్ నడివయసుకు చెప్పిన పని, తరువాతి తరానికి తన చేతులతో ఏదో ఒకటి అందించడం. అది కుదరని మనిషి తనలో తాను ఎండిపోతాడని ఆయన అన్నారు. పదకొండేళ్లు దుబాయిలో ఉండి మీ వారు అందించింది డబ్బు. నాలుగేళ్లవాడిగా వదిలి వెళ్లిన కొడుకు పదిహేనేళ్లవాడై ఎదురుపడ్డాడు. మధ్యలో జరిగిన బడి మొదటి రోజులు, జ్వరాలు, ఈత, సైకిలు, ఏవీ ఆయన చూడలేదు. ఆ కాలమంతటినీ ఒక్క ఏడాదిలో పూడ్చాలని ఆయన చూస్తున్నారు, ఆ తొందర పెత్తనంగా బయటికి వస్తున్నది. అదే సమయానికి కొడుకు వయసు పెత్తనానికి దూరం జరిగే వయసు. ఉత్తర తెలంగాణలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తండ్రుల ఇళ్లలో ఈ ఢీకొనడాన్ని నేను తరచుగా చూస్తున్నాను, ఇద్దరిలో ఎవరూ చెడ్డవారు కాకుండానే అది జరుగుతుంది. వారిద్దరికీ చదువుతో సంబంధం లేని ఒక ఉమ్మడి పని కావాలి: దుకాణం లెక్కలు గాని, పొలం పని గాని, ఇంటి మరమ్మతు గాని. పక్కపక్కన కూర్చొని చేతులు కదులుతున్నప్పుడు ఈ వయసు మగపిల్లలు మాట్లాడినంత ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మాట్లాడరు.

మీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ పదకొండేళ్లూ అమ్మా, నాన్నా రెండూ మీరే అయి ఇల్లు నడిపారు. ఆయన రాగానే సగం అధికారం చేజారింది, పని మాత్రం తగ్గలేదు. నలభైల్లో నెలసరి ఆగే ముందు కాలంలో నిద్ర చెడడం, ఉన్నట్టుండి మనసు కుంగడం చాలామంది స్త్రీలకు ఉంటుంది. దానిని భరించవలసిన విషయంగా కాక డాక్టరుతో మాట్లాడవలసిన విషయంగా చూడండి.

ఇప్పుడు మామగారు. చెప్పిన ముచ్చటే చెప్పడాన్ని ఒకప్పుడు వైద్యులు కూడా ముసలితనపు చాదస్తంగానే చూసేవారు. 1963లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికా మానసిక వైద్యుడు దానికి వేరే అర్థం చెప్పారు: మరణం దగ్గరపడుతున్నదని తెలిసిన మనిషి తన జీవితాన్ని తిరిగి పరిశీలించుకుంటాడు, తేలని విషయాల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్తాడు, అది మనసు చేసుకునే అవసరమైన పని. ఎరిక్సన్ చివరి దశ కూడా ఇదే. గడిచిన జీవితాన్ని మంచి చెడులతో సహా నాదే అని ఒప్పుకోగలగడం, లేదా ఒప్పుకోలేక కుమిలిపోవడం. ఇదంతా సాఫీగా జరుగుతుందని అనుకోవద్దు. ఎరిక్సన్ భార్య జోన్, తామిద్దరూ తొంభైల వయసుకు చేరాక, ఆ ఎనిమిది దశలకు తొమ్మిదోదాన్ని చేర్చి 1997లో ప్రకటించారు. శరీరం సహకరించని వయసులో వెనకటి దశల ప్రశ్నలన్నీ మళ్లీ లేస్తాయని ఆమె తన అనుభవంతో చెప్పారు.

మీ మామగారికి భార్య పోయింది, బస్తీ పోయింది, షిఫ్టు సోపతిగాళ్లు పోయారు. తట్ట, పారతో బొగ్గు ఎత్తిన తట్టా చెమ్మస్ కాలం నుంచి యంత్రాలు వచ్చేదాకా ఆయన చూసిన బొగ్గుబాయిని మీ ఇంట్లో చూసినవారు ఇంకెవరూ లేరు. వినేవాళ్లు "ఇది మొన్న చెప్పినవు కదా, బాపు" అంటే ఆ పని అక్కడే తెగిపోతుంది, తెగినది మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. దానికి బదులు అదే ముచ్చటలో ఆయన ఇంతకు ముందు చెప్పనిది అడగండి: ఆ రోజు షిఫ్టులో పక్కన ఎవరున్నారు, ఇంటికి వచ్చి అవ్వకు చెప్పినవా లేదా అని. కథ ముందుకు కదులుతుంది, కొన్నాళ్లకు ఆ కథ అవసరం తగ్గడం కూడా చూస్తారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని లారా కార్‌స్టెన్సన్ పరిశోధన ఇక్కడ ఉపయోగపడుతుంది. ముందున్న కాలం తక్కువ అనిపించినప్పుడు మనుషులు కొత్త పరిచయాల కంటే మనసుకు దగ్గరైన కొద్దిమందినే కోరుకుంటారని ఆమె చూపించారు. ఇది వయసు వల్ల మాత్రమే కాదు. 1997లో హాంకాంగ్ చైనాకు తిరిగి అప్పగింత కాబోతున్న రోజుల్లో అక్కడి యువకుల్లో కూడా ఇదే మొగ్గు కనిపించింది. కాలనీ పార్కుకు పోయి కొత్త స్నేహాలు చేసుకోమని మామగారికి చెబితే ఆయన పోకపోవడం మొండితనం కాదు. గోదావరిఖనిలోని పాత సోపతికి వారానికి ఒకసారి వీడియో కాల్ కలపడం ఆయనకు పార్కు కంటే మేలు చేస్తుంది, ఆ కాల్ కలిపే పని మనవడిది అయితే ఇంకా మంచిది.

బాల్టెస్ తన భార్య మార్గ్రెట్‌తో కలిసి చెప్పిన ఇంకొక విషయం, వృద్ధులు బాగా బతకడానికి మూడు దారులు కలిపి వాడతారని: పనులను తగ్గించుకొని ఎంచుకోవడం, ఎంచుకున్నదాన్ని ఎక్కువగా సాధన చేయడం, తగ్గిన శక్తికి వేరే ఉపాయం చూడడం. పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్ ముసలితనంలో తక్కువ స్వరరచనలే వాయించేవారు, వాటినే ఎక్కువ సాధన చేసేవారు, వేగంగా వాయించవలసిన చోటికి ముందు కావాలనే నెమ్మదించి ఆ వేగం ఎక్కువగా వినబడేటట్టు చేసేవారు. మీ మామగారి చేతిలో నుంచి పనులన్నీ తీసేయకండి. ఏటా పింఛను కోసం ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు ఆయననే బ్యాంకుకు పోనివ్వండి, ఒకరు వెంట ఉంటే చాలు. మనదేశ మనో విశ్లేషకుడు సుధీర్ కాకర్ (1938–2024) ఎరిక్సన్ దశలను మన ఆశ్రమాలతో పోల్చి చూశారు. వానప్రస్థం అంటే ఇంటి పెత్తనాన్ని వదలడం గాని, ఇంట్లో విలువను వదలడం కాదని నేను ఆ పోలికను అర్థం చేసుకున్నాను.

అయితే అన్నింటినీ వయసు ఖాతాలో వేయడం ప్రమాదం. పది నిమిషాల కిందట చెప్పిన సంగతే మరచి మళ్లీ చెప్పడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్క పెట్టలేకపోవడం, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టడంలో తడబడడం జీవిత పునఃపరిశీలన కాదు. మతిమరుపు జబ్బు లక్షణాలు కావచ్చు. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, కొన్ని మందులు, దిగులు జబ్బు కూడా ఇలాగే కనిపిస్తాయి, వీటికి చికిత్స ఉన్నది. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం మొదలైతే లోపల ఏదో ఇన్‌ఫెక్షన్ ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చెవుల పరీక్ష కూడా తప్పక చేయించండి. బాయిలో యంత్రాల మోత మధ్య ఏళ్లు గడిపిన మనిషికి వినికిడి తగ్గడం సాధారణం, సరిగా వినబడని మనిషి ఎదుటివారి మాట అందక తన మాటే మాట్లాడుతూ పోతాడు. ఈ ఒక్క కారణంతోనే చాదస్తం అన్న పేరు పడినవారిని నేను చూశాను. అలాగే మీ అబ్బాయి వారాల తరబడి తిండి మానడం, ఇష్టమైన ఆటను కూడా వదిలేయడం, తన వస్తువులు పంచిపెట్టడం, బతకడం ఎందుకన్న మాట అనడం కనిపిస్తే వయసని ఊరుకోవద్దు. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, అడిగినవారు ఉన్నారన్న ధైర్యం వస్తుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు, వృద్ధుల విషయాలకు 14567 ఉన్నది.

మామగారిని ఊరికి పంపించాలా అన్నదానికి నా జవాబు: పిల్లవాని చదువు కోసమైతే పంపకండి. తాత గొంతు వల్ల పోయే చదువు కంటే నిద్ర లేక పోయే చదువు చాలా ఎక్కువ, దానికి మార్గం పైన చెప్పాను. తన కోసం ముసలి తాతను ఇంటి నుంచి తీసేశారన్న సంగతిని, తాను ఎవరో తేల్చుకునే వయసులో ఉన్న పిల్లవాడు ఏ రకంగా మనసులో పెట్టుకుంటాడో మీరు ఆలోచించండి. కాని ఊరికి పోవాలని ఉన్నదా అని ఆయననే అడగండి, మీ వారు కాదు, మీరు అడగండి, పిల్లలు లేని వేళ అడగండి. ఊళ్లో వండిపెట్టే మనిషి, మందులు చూసే మనిషి ఉండి, ఆయనకే అక్కడి వాకిట్లో కూర్చోవాలని ఉంటే, అది ఆయన ఎంపిక అవుతుంది. అప్పుడు నెలకు పది రోజులు అక్కడ, మిగతా రోజులు ఇక్కడ అన్నట్టు మొదలుపెట్టి, తీసుకెళ్లి దింపే పనిని తండ్రీ కొడుకులిద్దరికీ కలిపి అప్పగించండి. చెవుల పరీక్ష, రక్త పరీక్ష మాత్రం ఆ ప్రయాణానికి ముందే కావాలి.